32 శాతం ప్రోటీన్ మేత వేసినా శీలావతి ఎదగట్లేదు, పైగా తెల్లారుజామున తేలుతున్నాయి. ఎక్కడ తప్పు?

కలిదిండి కుర్రాడు (జనవరి 20)

అందరికీ నమస్కారం. మాది కలిదిండి దగ్గర 7 ఎకరాల చెరువు. నాన్న ఇరవై ఏళ్ళుగా చేస్తున్నారు. నేను హైదరాబాద్‌లో ఉద్యోగం మానేసి వచ్చి రెండేళ్ళయింది. ఇప్పటిదాకా మా మేత ఈ చుట్టుపక్కల అందరూ వేసేదే: నూనె తీసిన తవుడు, అందులో కాస్త వేరుశనగ చెక్క, పత్తి చెక్క, ఉప్పు కలిపి, చిల్లుల బస్తాల్లో నింపి కర్రలకు కట్టడం. ఈసారి నేనే పట్టుబట్టి అది మాన్పించాను.

చెరువులో శీలావతి 14,000, బొచ్చె 1,400 ఉన్నాయి. డిసెంబర్ 1న వల వేస్తే శీలావతి సగటున 500 గ్రాములు తూగింది. ఆ రోజు నుంచే బస్తాలు విప్పేసి, 32 శాతం ప్రోటీన్, 6 శాతం కొవ్వు ఉన్న ఫ్లోటింగ్ ఫీడ్ (నీళ్ళ మీద తేలే గుళికల మేత) మొదలుపెట్టాను. రోజుకి 140 కిలోలు. పొద్దున 7 గంటలకి సగం, సాయంత్రం 5కి సగం. పావుగంటలో ఒక్క గుళిక మిగలదు. నీళ్ళు ఉడుకుతున్నట్టు ఎగబడి తింటాయి, చూడ్డానికి ముచ్చటేస్తుంది.

నిన్న, అంటే సరిగ్గా 50 రోజులకి, మళ్ళీ వల వేశాం. శీలావతి 640. బొచ్చె ఒక్కోటి 150 గ్రాములు పెరిగింది. కూర్చుని లెక్క వేస్తే 7 టన్నుల మేతకి 2 టన్నుల 170 కిలోల పెరుగుదల. కిలో చేపకి కిలోన్నర మేత కూడా పట్టదని అమ్మినవాళ్ళు చెప్పారు. నాకు 3.2 కిలోలు పట్టింది. మేత కిలో 46 రూపాయలు, అంటే కిలో చేపకి మేత ఖర్చే 148. చేప అమ్మితే అంత రాదు. నాన్న ఒక్క మాట కూడా అనలేదు, అదే ఎక్కువ టెన్షన్‌గా ఉంది.

సంక్రాంతి దగ్గర నుంచి తెల్లారుజామున 4, 5 గంటలకి చేపలు పైకొచ్చి నోళ్ళు తెరుస్తున్నాయి. నీళ్ళలో గాలి కలిపే ఏరేటర్ వేస్తే సర్దుకుంటున్నాయి. మేత వేసే మూల తెల్లటి దారాల్లాంటి రెట్ట తేలుతోంది. నిన్న వలలో పడ్డ రెండింటిని కోసి చూశాను. కాలేయం ఎర్రగా లేదు, పాలిపోయి పసుపు రంగులో ఉంది. పొట్ట నిండా కొవ్వు.

గట్టుకి అవతల మా బాబాయి వాళ్ళది ఫంగస్ (పంగాసియస్ చేప) చెరువు. ఆయన 28 శాతం మేత వేస్తేనే చేప దున్నేస్తోంది. అది చూసే నేను ఇంకో మెట్టు పైకెక్కి 32 తెచ్చాను. ఇప్పుడు 35కి వెళ్ళాలా? లేక మేత నాసిరకమా? టెస్ట్ చేయించాలా?

గట్టు మామయ్య (జనవరి 20)

35 కాదు అల్లుడూ, బిర్యానీ పెట్టు.

నవ్వులకన్నాలే. నేను ముదినేపల్లి దగ్గర తవుడు బస్తాలతోనే మూడు చెరువులు నడుపుతున్నాను. బస్తా కడితే ఒక సుఖం ఉంది. మధ్యాహ్నం దోనె మీద వెళ్ళి బస్తా ఎత్తి చూస్తే ఎంత తిన్నాయో చేతికే తెలుస్తుంది. బరువుగా ఉందంటే ఆ రోజు వాటికి ఆకలి లేదని, రేపు తగ్గించాలని. నీ గుళికలు పావుగంటలో మాయమైతే నీకేం తెలుస్తుంది? పిల్లాడి ముందు చాక్లెట్ పెడితే ఆకలేసి తిన్నాడా, ఊరికే తిన్నాడా? మళ్ళీ బస్తాలు కట్టు. మీ నాన్న మాట్లాడకపోవడం కూడా మాటే.

ల్యాబ్ అక్క (జనవరి 21)

తమ్ముడూ, 35కి వెళ్ళకు. ఉన్న 32 కూడా దించాలి. ఎందుకో కొంచెం పెద్దగానే రాస్తాను, టీ పెట్టుకుని చదువు.

నేను ముత్తుకూరు కాలేజీలో ఫిషరీస్ చదివి, ఆకివీడు దగ్గర నీళ్ళు, మేత పరీక్షలు చేసే చిన్న ల్యాబ్ నడుపుతున్నాను. మా ల్యాబ్‌కి కొత్తగా చేరే పిల్లలతో మొదటి రోజు ఒకే పని చేయిస్తాను. ఒక శీలావతిని కోసి, పేగు తెగకుండా చుట్టలు విప్పి బల్ల మీద పరచమంటాను. పోయిన వారం పరిచిన చేప 42 సెంటీమీటర్లు. పేగు బల్ల దాటి, కుర్చీ మీద నుంచి కిందికి వేలాడింది. దర్జీ టేపుతో కొలిస్తే 3 మీటర్ల 80. చేప పొడవుకి తొమ్మిది రెట్లు! ఇంత పేగు విప్పాక "ఇప్పుడు కడుపు చూపించు" అంటాను. పది నిమిషాలు వెతుకుతారు. ఉండదు. శీలావతి, బొచ్చె, ఎర్రమోసు, బంగారు తీగ, గడ్డిచేప, వీటిలో దేనికీ కడుపు లేదు. నోట్లో పళ్ళు లేవు, గొంతులో ఉన్న పళ్ళతో నలిపి మింగుతుంది. గొంతు దాటితే పేగే. మొదట్లో కాస్త ఉబ్బుగా ఉంటుంది, చాలామంది దాన్ని చూసి కడుపనుకుంటారు.

కడుపు లేదంటే తిన్నది దాచుకునే సంచి లేదు. ఆమ్లం లేదు, పెప్సిన్ లేదు. ప్రోటీన్‌ని విడగొట్టే పని మొత్తం పేగులోని ట్రిప్సిన్ లాంటి ఎంజైములే చేసుకోవాలి. చెరువులో దాని మామూలు బతుకు చూడు: పొద్దస్తమానం తిరుగుతూ ఇంత నాచు, ఇంత పాచి కొంచెం కొంచెంగా తింటూనే ఉంటుంది. మేకలా అన్నమాట. నువ్వు పొద్దున పావుగంటలో 70 కిలోలు, సాయంత్రం పావుగంటలో 70 కిలోలు పడేస్తున్నావు. పక్కదానికి దక్కకూడదని ఎగబడి మింగుతుంది. వెనకొచ్చింది ముందున్నదాన్ని తోసేస్తుంది. అరగాల్సింది అరక్కుండానే కిందికి వెళ్ళిపోతుంది. నువ్వు చూసిన దారాల్లో కొంత అదే అయ్యుంటుంది. పేగువాపు, పేగుపురుగు ఉన్నా అలాంటివి రావచ్చు కాబట్టి ఒక చేపని చూడకుండా ఖాయంగా చెప్పను.

మామయ్యగారి బస్తా పద్ధతి ఈ పేగుకి అతికినట్టు సరిపోతుంది. చేప వచ్చి నాలుగు పొడుపులు పొడిచి పోతుంది, మళ్ళీ గంటకొస్తుంది. ఎవరూ పుస్తకం చూసి పెట్టింది కాదు అది. పనిచేసింది కాబట్టి కొల్లేరు చుట్టూ పాకింది.

ఇక మీ బాబాయి ఫంగస్. దానికి నిజమైన కడుపుంది, ఆమ్లం ఉంది. దండిగా తిని తాపీగా అరిగించుకుంటుంది. అది డబ్బా నిండా బియ్యం ఉన్న ఇల్లు, నీది ఏ పూటకాపూట కొట్టుకెళ్ళి తెచ్చుకునే ఇల్లు. పైగా నీళ్ళలో ఆక్సిజన్ పడిపోతే ఫంగస్ పైకొచ్చి గాలి మింగి బతుకుతుంది, శీలావతికి ఆ వీలు లేదు. ఆయన చెరువు చూసి నీ చెరువుకి మేత తేవడం అంటే పక్కింటాయన బీపీ మాత్ర నువ్వు వేసుకోవడమే.

ప్రోటీన్ సంగతి. చేప ఒంట్లో కండ కట్టడానికి రోజుకి ఎంత వాడుకోగలదో దానికో హద్దు ఉంది. అది దాటిన ప్రోటీన్‌ని దాచుకోదు, కట్టెలాగా కాల్చేస్తుంది. కాల్చగా మిగిలిన నత్రజని అమ్మోనియా రూపంలో మొప్పల్లోంచి నీళ్ళలోకి పోతుంది. నీ లెక్కే తీసుకుందాం. 140 కిలోల్లో 32 శాతం అంటే 44.8 కిలోల ప్రోటీన్. 6.25తో భాగిస్తే రోజుకి 7 కిలోల పైన నత్రజని. మంచి చెరువులో కూడా చేప ఒంటికి పట్టేది అందులో పావువంతు, మహా అయితే మూడోవంతు. పావువంతు పట్టిందనుకో, రోజుకి 5 కిలోల పైన నీళ్ళలోకి. 45 కిలోల యూరియా బస్తాలో నత్రజని 20 కిలోల చిల్లర. అంటే నాలుగు రోజులకో యూరియా బస్తా గట్టు మీద నించుని చల్లుతున్నావు, అదీ కిలో 46 రూపాయలు పెట్టి కొని. నీళ్ళు ముదురు పచ్చగా మారే ఉంటాయి, చూసుకో.

తెల్లారుజామున తేలడం దీని కొనసాగింపే. ఆ పచ్చదనం పగలు ఆక్సిజన్ ఇస్తుంది, రాత్రి తిరిగి పీలుస్తుంది. అది సగం. మిగతా సగం నీ సాయంత్రం 5 గంటల మేత. తిన్న చేపకి అరిగించుకోవడానికి ఆక్సిజన్ ఎక్కువ కావాలి. మనకి భోజనం చేశాక ఒళ్ళు వెచ్చబడినట్టే. ప్రోటీన్ ఎంత ఎక్కువుంటే ఆ ఖర్చు అంత ఎక్కువ. నువ్వు పొద్దుగూకే వేళ గట్టి మేత పెట్టి, చెరువులో ఆక్సిజన్ తగ్గుతూ పోయే గంటల్లోనే చేపకి అవసరం పెంచుతున్నావు. ఆ రెండూ కలిసే చోటే నీ 4 గంటలు.

దానికి తోడు చలి. చేప ఒంటి వేడి నీళ్ళ వేడే. ఈ వారం మా చెరువులో పొద్దున 7కి 21 డిగ్రీలుంది, మీకూ అంతే ఉంటుంది. శీలావతి పేగులో ఎంజైములు 28, 30 డిగ్రీల దగ్గర చేసే పని 21 దగ్గర చేయవు. సెప్టెంబర్‌లో వేసిన లెక్కనే జనవరి పొద్దున 7కి వేస్తే నోరు తింటుంది, పేగు ఒప్పుకోదు.

కాలేయం గురించి భయపడకు కానీ తేలిగ్గా కూడా తీసుకోకు. ఫ్లోటింగ్ గుళిక తేలాలంటే పిండిని ఆవిరితో ఉడికించి, ఒత్తిడితో పొంగించాలి. పచ్చి బియ్యానికి, అన్నానికి ఉన్న తేడా అది. ఉడికిన పిండిపదార్థం చాలా బాగా అరుగుతుంది. మాంసం తినే చేపలకంటే శీలావతి పిండిని బాగానే వాడుకుంటుంది. కానీ చేప చేపే, రక్తంలోకి ఒక్కసారి చేరిన చక్కెరని మనలా చకచకా సర్దుకోలేదు. మిగిలింది కాలేయంలో గ్లైకోజెన్‌గా, కొవ్వుగా చేరుతుంది. దాని పైన 6 శాతం నూనె. చలికాలం, ఈత తక్కువ. కాలేయం పాలిపోక ఏం చేస్తుంది? మేతలో బూజు విషం ఉన్నా కాలేయం దెబ్బతింటుంది కాబట్టి ఒక్కసారి బస్తాలు విప్పి వాసన చూడు. కనరు వాసన, ముక్కిన వాసన వస్తే అది పక్కన పెట్టేయి.

ఇంకో పొరపాటు, బస్తాలు ఒక్క రోజులో విప్పేయడం. పేగులోని ఎంజైములు అలవాటైన మేతకి తగ్గట్టు ఉంటాయి, మేత మారితే కొన్ని వారాల్లో సర్దుకుంటాయి. పది, పదిహేను రోజులు కలిపి వేస్తూ మార్చాల్సింది.

ఇప్పుడు చేయాల్సింది. రెండు రోజులు మేత ఆపు, ఏమీ కాదు. తర్వాత 24 నుంచి 26 శాతం, కొవ్వు 3, 4 శాతం ఉన్న మేతకి మారు. చలి తగ్గేదాకా చెరువులో ఉన్న బరువుకి ఒక శాతం, నీ లెక్కకి రోజుకి 100 కిలోలు. 10 గంటల ముందు వద్దు. 10కి, 12:30కి, 3కి మూడు సార్లు, అదీ రెండు మూడు చోట్ల చల్లు. మబ్బు పట్టిన రోజు, తెల్లారుజామున చేపలు తేలిన రోజు మేత లేదు. అంతే.

కలిదిండి కుర్రాడు (జనవరి 21)

అక్కా, చదివి చాలాసేపు అలాగే కూర్చున్నాను. యూరియా లెక్క నాన్నకి చదివి వినిపిస్తే మొదటిసారి నవ్వారు. నీళ్ళు నిజంగానే చిక్కటి పచ్చ. చెయ్యి మోచేతిదాకా ముంచితే వేళ్ళు కనపడవు.

నాకు రెండు సందేహాలు. ఒకటి, తవుడులో ప్రోటీన్ 15, 16 శాతమే కదా. దానితోనే ఇన్నేళ్ళు కిలో, కిలోన్నర చేప ఎలా వచ్చింది? రెండు, పాత పద్ధతిలోనూ మాకు ఏటా కొన్ని చేపలు తల పెద్దగా, ఒళ్ళు సన్నగా ఉండిపోయేవి. నాన్న అందుకే తవుడులో డీసీపీ (డైకాల్షియం ఫాస్ఫేట్, భాస్వరం కోసం వేసేది) కలిపేవారు. పెద్ద తేడా రాలేదు. ఎందుకు?

పాలేరు వైపు (జనవరి 21)

మొదటి సందేహానికి నేను చెప్తా. మాది ఖమ్మం జిల్లా. మా ఊరి చెరువుల సొసైటీ వాళ్ళం పిల్ల వదుల్తాం, మేత ఒక్క గింజ వెయ్యం. అయినా మంచి వానలు పడ్డ ఏడు రవ్వ, మీరు శీలావతి అంటరు, కిలో దాకా వస్తది. తవుడు లేదు, చెక్క లేదు. పశువుల పేడ, పైనుంచి వచ్చే ఒండ్రు నీళ్ళు, అంతే. నీళ్ళలో పురుగు ఉంటది, నాచు ఉంటది, అదే తింటయి. కాకపోతే ఎకరానికి వేల చేపలు మేం పెంచం, కొద్దిగనే ఉంటయి. మీ లెక్కలు వేరే.

ల్యాబ్ అక్క (జనవరి 22)

పాలేరు అన్న చెప్పింది అక్షరాలా నిజం. చెరువు నీళ్ళలో కంటికి కనిపించీ కనిపించని పురుగు, నాచు ఉంటాయి కదా, వాటిని ఆరబెట్టి చూస్తే పురుగులో సగం దాకా ప్రోటీనే. మెత్తగా ఉంటుంది, సులువుగా అరుగుతుంది. మీ నాన్నగారి చెరువులో చేప ప్రోటీన్‌ని నీళ్ళలోంచి తెచ్చుకునేది, తిరగడానికి కావాల్సిన శక్తిని తవుడులోంచి తీసుకునేది. బస్తా మీద రాసిన 16 శాతం చూసి చేపకి దక్కింది 16 అనుకోకూడదు. బొచ్చె అయితే మరీనూ. అది పై నీళ్ళలో పురుగుని మొప్పల జల్లెడతో వడకట్టుకుని తినే చేప, తవుడు బస్తా దగ్గరికి తక్కువే వస్తుంది.

అలాగని ఎకరానికి 2,000 చేపల్ని కిలోన్నర చేయడానికి ఆ పురుగు చాలదు. చేప 500 గ్రాములు దాటాక బరువు పెరుగుతూ పోతుంది, చెరువులో పురుగు అంతే ఉంటుంది. అక్కడే గుళిక పనికొస్తుంది. కాబట్టి మామయ్యగారూ, తవుడే దేవుడని నేననను. తవుడు మీద కిలో చేపకి మూడు కిలోల దాకా పోసేవాళ్ళని రోజూ చూస్తాను. అరగని పీచు అంతా అడుగున చేరి, రెండేళ్ళకి బురద మోకాలి లోతు అవుతుంది. పత్తి చెక్కలో గాసిపాల్ అనే పదార్థం ఉంటుంది, అది లైసిన్‌ని (ప్రోటీన్‌లో ఉండే ఒక అమైనో ఆమ్లం) పట్టుకుని చేపకి దక్కనివ్వదు. వేరుశనగ చెక్కలో లైసిన్, మిథియోనిన్ అనే ఇంకో అమైనో ఆమ్లం పుట్టుకతోనే తక్కువ. ఆ రెండు చెక్కలూ కలిపి "ప్రోటీన్ పెంచాం" అంటే, ఇటుకలున్నాయి సిమెంటు లేదన్న లెక్క.

బస్తా మీద రాసే "ముడి ప్రోటీన్" గురించి కూడా ఒక మాట. ల్యాబ్‌లో మేం కొలిచేది నత్రజని. దాన్ని 6.25తో గుణించి ప్రోటీన్ అని రాస్తాం. ఆ నత్రజని చేప అరిగించుకోగలిగే దాంట్లోంచి వచ్చిందో, కోడి ఈకల పొడిలోంచి వచ్చిందో ఆ అంకె చెప్పదు. నా దగ్గర పరీక్ష చేయిస్తే ఫీజు తీసుకుని అదే అంకె ఇస్తాను. అందుకే ముందే చెప్తున్నాను.

తల పెద్ద, ఒళ్ళు సన్నం విషయానికి చాలా కారణాలుంటాయి. చేపపిల్లని ఏడాది పాటు చిన్న చెరువులో కుక్కి ఎదగకుండా ఉంచడం కూడా ఒకటి. మేత వైపు నుంచి చూస్తే మొదట అనుమానించాల్సింది భాస్వరం. తవుడులో భాస్వరం లేక కాదు, బోలెడుంది. కానీ చాలా మటుకు ఫైటిక్ ఆమ్లం రూపంలో తాళం వేసి ఉంటుంది. ఆ తాళం తీసే ఫైటేజ్ ఎంజైము చేప దగ్గర చాలినంత లేదు. ఆ తాళంలోనే జింక్ కూడా ఇరుక్కుంటుంది.

ఇక డీసీపీ. మళ్ళీ ఆ లేని కడుపు దగ్గరికే వస్తాం. డీసీపీ కరగాలంటే ఆమ్లం కావాలి. బంగారు తీగ మీద కొలిచిన అంకెలు చెప్తాను, కడుపు లేని చేపకి అంతకంటే మంచి ఉదాహరణ లేదు: మోనోకాల్షియం ఫాస్ఫేట్ (ఎంసీపీ)లోని భాస్వరం 94 శాతం ఒంటికి పడితే, డైకాల్షియంలోది 46, ట్రైకాల్షియంలోది 13 శాతం. మీ నాన్నగారు కలిపిన దాంట్లో సగానికి పైగా రెట్టలో పోయింది. ఎంసీపీ అని అడిగితే దొరుకుతుంది, ఖరీదు కాస్త ఎక్కువ. ఇంకో విశేషం, భాస్వరం చాలని కార్ప్ (బంగారు తీగ, శీలావతి జాతి చేప) ఒంట్లో కొవ్వు పెరుగుతుంది. కొవ్వుని కాల్చే యంత్రానికి కూడా భాస్వరం కావాలి మరి. పొట్టలో కొవ్వు కనిపించగానే "బాగా తిని బలిసింది" అనుకుంటాం. కొన్నిసార్లు అది లోటు.

బెర్గెన్ నుంచి (జనవరి 23)

నేను నరసాపురం వాణ్ణి, నార్వేలో సాల్మన్ మేతల పనిలో ఉన్నాను. అక్క చెప్పిన దానికి ఇక్కడి ముచ్చట ఒకటి. సాల్మన్‌ది పూర్తిగా ఎదురు కథ. కడుపుంది, పొట్టి పేగు, మాంసాహారి. పిండి తక్కువే అరుగుతుంది, కొవ్వు మాత్రం మేతలో మూడోవంతు పోసినా కాల్చుకుంటుంది. 1990లో ఇక్కడి మేతలో చేప, చేప పొడి లాంటి సముద్రపు ప్రోటీన్ 65 శాతం ఉండేది. 2020కి 12 శాతానికి దిగింది, మిగతాదాంట్లో చాలా భాగం సోయా లాంటి మొక్కల సరుకు. ఆ దారిలో దెబ్బలు తిన్నారు. మామూలు సోయా పిండి వేస్తే సాల్మన్ పేగు చివరి భాగం వాచిపోయేది. కారణం సోయాలోని సాపోనిన్లని తేలింది, వాటిని తీసేసిన సోయా సారం వాడాక కుదుటపడింది. ప్రోటీన్ శాతం రెండిట్లోనూ బాగానే ఉంది, పేగుకి మాత్రం తేడా తెలిసింది.

మా అమ్మ మాత్రం ఫోన్‌లో ఇప్పటికీ అడుగుతుంది, "ఆ చేపకి తవుడు వెయ్యరట్రా?" అని.

గట్టు మామయ్య (జనవరి 23)

ల్యాబ్ అక్కగారూ, బురద మాట ఒప్పుకున్నాను. పోయిన వేసవి చెరువు ఎండగట్టినప్పుడు పొక్లెయిన్ దిగబడిపోయింది. ఎంసీపీ ఎంత కలపాలో ఆ అబ్బాయితో పాటు నాకూ చెప్పండి.

ల్యాబ్ అక్క (జనవరి 23)

మామయ్యగారూ, తవుడు ఏ మిల్లుదో, చెక్క ఎంత కలుపుతున్నారో చూడకుండా కిలోలు చెప్పను. చెక్క కలిపిన మేత ఒక అరకిలో పొట్లం కట్టి పంపండి. తమ్ముడూ, నువ్వు రెండు చేపలు పంపు. ఐస్ ముక్కల్లో పెట్టి అదే రోజు తీసుకురా. ఫ్రిజ్‌లో గడ్డకట్టించి తేవద్దు, కరిగేసరికి కాలేయం ముద్దయిపోతుంది, పేగు చూడ్డానికి పనికిరాదు.

కలిదిండి కుర్రాడు (మార్చి 5)

ఆలస్యంగా రాస్తున్నాను, క్షమించండి.

చేపలు అక్కకి ఇచ్చి వచ్చాను. పేగులో పురుగు లేదు, వాపు కొద్దిగా ఉందన్నారు. కాలేయంలో కొవ్వు. మేతలో బూజు ఏమీ కనపడలేదు. అంటే మేత అమ్మినవాళ్ళ తప్పేం లేదు, నేను వేసిన తీరుదే.

రెండు రోజులు ఆపి, జనవరి 24 నుంచి కొత్త లెక్క మొదలుపెట్టాం. నేను 24 శాతం గుళికలన్నాను, నాన్న బస్తాలన్నారు. ఒక సాయంత్రమంతా వాదించుకుని రెండూ పెట్టాం. గుళికలు రోజుకి 80 కిలోలు, 10కి, 12:30కి, 3కి. తవుడు, వేరుశనగ చెక్క కలిపి బస్తాల్లో 60 కిలోలు, ఎంసీపీ అక్క చెప్పినంత. మొత్తం మళ్ళీ 140 అయింది. 100 చాలని అక్క తిడతారని తెలుసు. కానీ బస్తాల్లో మిగిలితే మరుసటి రోజు తగ్గించాం. నిజంగానే మొదటి వారం బస్తాలు సగం బరువుతో పైకొచ్చాయి, ఆ వారం 30 కిలోలే కట్టాం. తర్వాత వారాల్లో కాస్త పెంచి సర్దుకున్నాం.

నిన్నటికి 40 రోజులు. శీలావతి 770. బొచ్చె 160 పెరిగింది. గుళికలు 3 టన్నుల 200, తవుడు మేత 2 టన్నుల 400, పెరుగుదల 2 టన్నుల 40 కిలోలు. గుళికలు కిలో 36, తవుడు మేత చెక్కతో కలిపి 22. కిలో చేపకి మేత ఖర్చు 148 నుంచి 82కి దిగింది. ఫిబ్రవరి రెండో వారం తర్వాత తెల్లారుజామున తేలింది ఒక్క రోజే, అది మబ్బు పట్టిన రోజు. ఆ ముందు మధ్యాహ్నం మేత ఆపకపోవడం నా బద్ధకం.

ల్యాబ్ అక్క (మార్చి 5)

140 వేసినందుకు తిట్టను, బస్తా ఎత్తి చూశావు కదా. కానీ ఆ 82లో ఎండకి కూడా వాటా ఇవ్వు. ఫిబ్రవరి చివరికి నీళ్ళు 26, 27కి వచ్చాయి, ఏ మేత వేసినా జనవరి కంటే బాగా ఒంటికి పడుతుంది. వచ్చే డిసెంబర్‌లో ఇదే లెక్క నిలబడితే అప్పుడు నమ్ముతాను. ఏప్రిల్‌లో ఎండ ముదిరాక మళ్ళీ వల వెయ్యి. నీళ్ళు 33 దాటితే మధ్యాహ్నం 12:30 మేత తీసేసి పొద్దున ముందుకి జరపాలి. అప్పుడు ఇంకో రెండు చేపలు పట్టుకురా, కాలేయం రంగు తిరిగిందో లేదో చూద్దాం.

కలిదిండి కుర్రాడు (మార్చి 5)

తప్పకుండా అక్కా. నాన్న ఒక దర్జీ టేపు కొనుక్కొచ్చారు. ఈసారి పేగు ఆయనే విప్పుతారట.